మోచేతి దగ్గర నొక్కుకుపోయిన నరానికి కరెంటు పరీక్ష: తప్పు రాకుండా చేయడం ఎలా

చిటికెన వేలూ, ఉంగరం వేలులో సగమూ మొద్దుబారి, పిడికిలి బిగువు తగ్గి ఒక మనిషి మీ గదికి వచ్చాడంటే, మోచేతి లోపలి పక్క నుంచి చిటికెన వేలికి పోయే అల్నార్ నరం మీద అనుమానం రావడానికి యంత్రం అక్కర్లేదు. ఆ నరం ఎక్కడ నొక్కుకుపోయింది, ఎంత దెబ్బతింది, మెడలోగానీ ఒళ్లంతాగానీ ఇంకో జబ్బు దాగి ఉందా, ఈ మూడు సంగతులు తేల్చడానికే నరానికి చిన్న షాక్ ఇచ్చి, అది ఎంత వేగంగా పోతోందో కొలిచే నెర్వ్ కండక్షన్ పరీక్ష. ఆపరేషన్ చేయాలా వద్దా అని డాక్టరు ఆలోచించేది మీరిచ్చే అంకెలు చూసే. టేపు ఒక సెంటీమీటరు అటూ ఇటూ అయితే ఆ అంకెలు మారిపోతాయి.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ యంత్రం ముందు కొత్తగా కూర్చుంటున్న టెక్నీషియన్లు, ఫిజియోథెరపిస్టులు, పీజీ డాక్టర్ల కోసం ఇది రాస్తున్నాం. కండరంలో సూది పెట్టి చూసే సూది పరీక్ష భాగం మాత్రం డాక్టర్లదే. యంత్రం ఏ కంపెనీదైనా పద్ధతి ఒకటే.

ముందు ఐదు నిమిషాలు అడగండి, చూడండి, తడమండి

"సిటికెనేలు మొద్దుబారిపోనాది", "మోసెయ్యి తగిల్తే సాలు, సెయ్యంతా జివ్వుమంతంది" అని చెబుతారు. అంతటితో ఆగకుండా ఉంగరం వేలు పట్టుకుని, దాని రెండు పక్కలా విడివిడిగా దూది తాకించి చూడండి. చిటికెన వేలు వైపు సగం మొద్దుగా ఉండి, రెండో సగం బాగుంటే అది అల్నార్ నరం గుర్తు. వేలు మొత్తం మొద్దుగా ఉన్నా, మొద్దు మణికట్టు దాటి ముంజేతి లోపలి పక్కకు ఎగబాకినా మెడలోని సీ8 నరం మూలం మీదా, భుజం దగ్గరి నరాల అల్లిక మీదా కన్ను వేయాలి. మణికట్టు పైన ముంజేతి చర్మానికి స్పర్శ ఇచ్చేది అల్నార్ నరం కాదు.

పని గురించి అడగండి. మోచెయ్యి ఎక్కువసేపు వంచి ఉంచే పని, గట్టి చోట ఆనించే పని, రెండూ ఈ నరానికి చేటే. పొందూరులో రాట్నం ముందు కూర్చునేవారిని, నెల్లిమర్ల జూట్ మిల్లు కార్మికుణ్ణి, కిటికీ అంచు మీద మోచెయ్యి పెట్టి బండి నడిపే లారీ డ్రైవరును, రాత్రంతా చెయ్యి మడిచి తల కింద పెట్టుకుని పడుకునేవారిని, అందరినీ ఒకే ప్రశ్న అడగండి: ఏ చెయ్యి, ఎంతసేపు, ఏ వంపులో? వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామినాయుడు గారు పాఠాలు చెప్పిన ఊరు విజయనగరం కాబట్టి వయొలిన్ నేర్చుకునే పిల్లలూ వస్తారు. వాళ్ల ఎడమ మోచెయ్యి గంటల తరబడి వంగే ఉంటుంది.

చిన్నప్పుడు చెట్టు మీంచో గట్టు మీంచో పడి మోచెయ్యి విరిగిందా అనీ అడగాలి. నాటు కట్టుతో సరిపెట్టుకున్న ఎముక వంకరగా అతుక్కుని, ఇరవై ముప్ఫై ఏళ్ల తర్వాత నరాన్ని లాగేస్తుంది. రోగికి ఆ సంగతి గుర్తుండకపోవచ్చు. రెండు చేతులూ చాచి పక్కపక్కన పెట్టమంటే వంకర మీకే కనిపిస్తుంది.

బొటన వేలికీ చూపుడు వేలికీ మధ్య, చేతి వెనక వైపు కండ గుంటపడిందేమో చూడండి. బొటన, చూపుడు వేళ్ల మధ్య కాగితం పట్టుకోమని లాగండి. బొటన వేలి చివరి కణుపు వంచి పట్టుకుంటే ఆ కండరం బలహీనపడిందని అర్థం. చిటికెన వేలు దగ్గరకు రాక, జేబులో చెయ్యి పెట్టేటప్పుడు అంచుకు తగులుకుంటోందా అని కూడా అడగండి.

చివరగా మోచేతి లోపలి ఎముక బుడిపె వెనక గాడిలో నరాన్ని రెండు చేతులకూ తడమండి. మోచెయ్యి వంచినప్పుడు నరం బుడిపె మీంచి ముందుకు జారుతోందా? బుడిపెకు పైన తాడులా లావుగా తగులుతోందా? ఈ రెండో ప్రశ్న మన జిల్లాల్లో తప్పనిసరి. కారణం కిందికి వచ్చాక చెబుతాం.

ఎవరికి ఆగాలి

పేస్‌మేకర్, గుండెకు షాక్ ఇచ్చే ఐసీడీ ఉన్నవారికి డాక్టరును అడగకుండా స్టిములేటర్ (షాక్ ఇచ్చే పరికరం) ముట్టించకండి. బయటి నుంచి గుండెకు వైర్లు వేసి ఉంటే పరీక్ష చేయనే కూడదు. కిడ్నీ జబ్బు ఎక్కువున్న ఉద్దానం నుంచి డయాలసిస్ రోగులు వస్తారు కాబట్టి మెడలోగానీ ఛాతీలోగానీ క్యాథెటర్ ఉందేమో చూడండి. అది నేరుగా గుండె దగ్గరికి వెళ్లే దారి. ఆ పక్క మెడ, భుజం దగ్గర షాక్ ఇవ్వవద్దు. డయాలసిస్ కోసం ఫిస్టులా వేసిన చేతికి సూది పెట్టకండి, బిగుతైన పట్టీ కట్టకండి. రక్తం పలచబడే మందులు వాడుతున్నారా అనేది సూది పరీక్షకు ముందే తెలియాలి. వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్ వంటి పేర్లు రోగికి గుర్తుండవు. మందుల చీటీ తెచ్చుకోమని అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే చెప్పాలి.

అప్పుడే ఇంకో మూడు మాటలు చెప్పండి: స్నానం చేసి రండి, చేతులకు నూనె రాయకండి, తినే రండి. రక్తపరీక్ష అలవాటు కొద్దీ చాలామంది పరగడుపున వస్తారు. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం దాకా ఖాళీ కడుపుతో వచ్చిన మనిషికి మొదటి షాక్‌కే కళ్లు తిరగొచ్చు.

చెయ్యి వెచ్చగా ఉందా?

చల్లని నరం నెమ్మదిగా పనిచేస్తుంది. చర్మం ఒక డిగ్రీ చల్లబడితే వేగం సుమారు 1.5 నుంచి 2.5 మీ./సె. పడిపోతుంది, మణికట్టు లేటెన్సీ (షాక్ ఇచ్చాక అల మొదలయ్యేదాకా పట్టే సమయం) సుమారు 0.2 మి.సె. (మిల్లీసెకను) పెరుగుతుంది. ఏసీ గదిలో గంటసేపు ఎదురుచూసిన చెయ్యి, డిసెంబరులో మన్యం కొండల నుంచి తెల్లవారుజామున బయల్దేరిన చెయ్యి మీకు లేని జబ్బును చూపిస్తాయి. చేతి వెనక చర్మం కనీసం 32 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. తక్కువుంటే ఐదు పది నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో ముంచి, బాగా తుడిచి, మళ్లీ కొలవండి. స్పర్శ తగ్గిన చెయ్యికి నీళ్ల వేడి తెలియదు. ముందు మీ చెయ్యి పెట్టి చూడండి.

నూనె ఉంటే సబ్బుతో, ఆ తర్వాత స్పిరిట్‌తో తుడవండి. గాజులు, ఉంగరాలు, మణికట్టు తాళ్లు తీయించండి. పూజ తాడు తీయమంటే కొందరు బాధపడతారు. పైకి జరిపి ప్లాస్టర్‌తో అంటించినా చాలు. సముద్రం పక్క ఊళ్లలో ఉక్క రోజుల్లో చెమట రెండు ఎలక్ట్రోడ్ల మధ్య పాకి, తెర మీద కనిపించే అల ఎత్తు తగ్గించేస్తుంది. చర్మం ఆరేదాకా ఆగి, జెల్ పొదుపుగా వాడండి. జెల్ పాకినా అదే గతి.

తెర మీద గోడ కరెంటు నుంచి వచ్చే 50 హెర్ట్జ్ గీతలు కనిపిస్తే ముందు గ్రౌండ్ ఎలక్ట్రోడ్ ఊడిందేమో చూడండి. తర్వాత ఆక్టివ్ (కండరం మీదది), రిఫరెన్స్ (పోల్చడానికి పక్కన పెట్టేది) ఎలక్ట్రోడ్ల కింది చర్మం, చేతిపక్కనున్న ఫోను, ట్యూబులైటు, ఫ్యాన్ రెగ్యులేటర్. అన్నీ బాగున్నా పోకపోతే గోడలోని ఎర్తింగ్ ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించాలి. ఎర్తింగ్ లేని ప్లగ్గుకు ఈ యంత్రాన్ని తగిలించడం రోగికి ప్రమాదం. ఈ ఒక్క విషయంలో సర్దుకుపోవద్దు.

ఎలక్ట్రోడ్లు, సెట్టింగులు

మొదట కండరాల పరీక్ష. చిటికెన వేలిని బయటికి చాపే ఏడీఎం కండరం మీద రికార్డ్ చేస్తాం. మణికట్టు దగ్గర చిటికెన వేలు వైపు తగిలే బఠాణీ గింజంత ఎముకకూ, చిటికెన వేలి మొదటి కీలుకూ సరిగ్గా మధ్యలో, అరచేతి అంచు మీద ఆక్టివ్ ఎలక్ట్రోడ్. రిఫరెన్స్ ఆ కీలు దాటి వేలి మీద. గ్రౌండ్ చేతి వెనక.

ఫిల్టర్లు 10 హెర్ట్జ్ నుంచి 10 కిలోహెర్ట్జ్, గెయిన్ గడికి 5 మి.వో. (మిల్లీవోల్టులు), స్వీప్ గడికి 2 నుంచి 5 మి.సె., పల్స్ 0.2 మి.సె. అల అడ్డగీత నుంచి నేరుగా పైకి లేవాలి. ముందు కిందికి చిన్నగా దిగి, తర్వాత లేస్తే ఆక్టివ్ ఎలక్ట్రోడ్ కండరం నడిమధ్య లేదని అర్థం. అర సెంటీమీటరు జరిపి మళ్లీ చూడండి. జరిపి చూసినా దిగుతుంటే కరెంటు పక్కనున్న, బొటన వేలు వైపు వేళ్లకు పోయే మీడియన్ నరానికీ పాకుతోందేమో అనుమానించాలి.

మోచెయ్యి వంపు

ఈ పరీక్షకు ప్రాణం ఇక్కడే ఉంది. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, చెయ్యి పక్కకు చాపి, మోచెయ్యి 70 నుంచి 90 డిగ్రీలు వంచండి. షాక్ ఇచ్చేటప్పుడూ, టేపుతో కొలిచేటప్పుడూ అదే వంపు ఉండాలి. మడిచిన దుప్పటి కింద పెడితే చెయ్యి కదలదు.

చెయ్యి చాచినప్పుడు అల్నార్ నరం మోచేతి గాడిలో వదులుగా, ముడతలు పడి ఉంటుంది. వంచినప్పుడు సాగి తిన్నగా అవుతుంది. చాచిన చేతి మీద చర్మం పైన కొలిస్తే టేపు చూపే దూరం నరం అసలు పొడవు కంటే తక్కువ. తక్కువ దూరాన్ని అదే సమయంతో భాగిస్తే వేగం తక్కువ వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మోచేతికి జబ్బు అంటగట్టినట్టే. షాక్ వంచి ఇచ్చి, కొలత చాచి తీయడం అన్నిటికంటే చెడ్డ తప్పు. గది రద్దీగా ఉన్న రోజున ఇదే ఎక్కువ జరుగుతుంది.

నరం బుడిపె మీంచి ముందుకు జారే మనిషికి దీనికి తిరగబడిన తప్పు జరుగుతుంది. నరం అడ్డదారిన పోతుంటే మీ టేపు గాడి చుట్టూ తిరిగి ఎక్కువ దూరం చూపి, వేగం బాగున్నట్టు కనిపిస్తుంది. ముందే తడిమి చూసి ఉంటే ఇది మీకు తెలిసే ఉంటుంది. రిపోర్టులో రాయండి.

మూడు చోట్ల షాక్

రోగితో ముందే చెప్పండి: "అమ్మా, చిన్న షాక్ కొట్టినట్టు ఉంటుంది. వేళ్లు వాటంతటవే ఎగురుతాయి. నొప్పి ఎక్కువైతే చెప్పండి, ఆపేస్తాను." కరెంటు పెడితే చెయ్యి పడిపోతుందని భయపడేవాళ్లు ఉన్నారు. షాక్ సెకనులో ఐదువేల వంతు మాత్రమే ఉంటుందని చెబితే కుదురుకుంటారు.

1. మణికట్టు. ఆక్టివ్ ఎలక్ట్రోడ్ నుంచి 7 సెం.మీ. పైన, చిటికెన వేలు వైపు తగిలే స్నాయువు (కండరాన్ని ఎముకకు కట్టే తాడు) పక్కన. స్టిములేటర్ క్యాథోడ్ (మైనస్ కొన) ఎప్పుడూ వేళ్ల వైపే. తిరగేసి పెడితే దూరం రెండు మూడు సెంటీమీటర్లు తప్పుతుంది.

2. మోచేతి కింద. లోపలి బుడిపెకు 3 సెం.మీ. కింద.

3. మోచేతి పైన. కింది గుర్తు నుంచి నరం దారి వెంట, గాడి వంపును అనుసరిస్తూ టేపు పట్టి 10 సెం.మీ. పైన, ముందు కండకూ వెనక కండకూ మధ్య సందులో.

ప్రతిచోటా కరెంటు కొద్దికొద్దిగా పెంచుతూ పోండి. అల ఇక పెరగడం ఆగాక మరో 20 నుంచి 25 శాతం పెంచి, అప్పుడు రికార్డ్ చేయండి.

రెండో చోట 3 సెం.మీ. ఎందుకో అర్థం చేసుకుంటే ఎప్పటికీ మరిచిపోరు. నరం నొక్కుకుపోయే చోట్లు రెండు. ఒకటి బుడిపె వెనక గాడి, రెండోది బుడిపెకు ఒకటి రెండు సెంటీమీటర్ల కింద, కండరం రెండు పాయల మధ్య పట్టీ కింద నరం దూరే చోటు. మీరు గాడికి మరీ దగ్గరగా షాక్ ఇస్తే ఆ పట్టీ మీ రెండు గుర్తుల మధ్యకు రాదు, జబ్బు జారిపోతుంది. 3 సెం.మీ. కంటే కిందికి పోతే నరం కండరం లోతుల్లోకి వెళ్లిపోయి ఉంటుంది, కరెంటు చాలదు.

అక్కడ కరెంటు చాలకపోతే అల చిన్నదిగా, ఆలస్యంగా వస్తుంది. దాంతో మోచేతి మీదుగా పట్టిన సమయం తగ్గినట్టు కనబడి నిజమైన జబ్బు దాక్కుంటుంది. పై చోట వచ్చిన అల కింది చోట అల కంటే పెద్దదిగా ఉంటే వెనక్కి వెళ్లి కింద కరెంటు పెంచి మళ్లీ తీయండి. పైన మాత్రం అతిగా పెంచితే మీడియన్ నరం కూడా కదులుతుంది. వేళ్లు ఎలా ఎగురుతున్నాయో కన్నేసి ఉంచండి. బొటన వేలు అరచేతికి అడ్డంగా లేస్తుంటే కరెంటు పాకినట్టే.

లెక్క

ఒక ఉదాహరణ. మణికట్టు లేటెన్సీ 2.8 మి.సె., మోచేతి కింద 6.5, మోచేతి పైన 9.1. మణికట్టు నుంచి కింది గుర్తుకు 210 మి.మీ., అక్కడి నుంచి పైకి 100 మి.మీ.

ముంజేతి వేగం: 210 ÷ (6.5 − 2.8) = 56.8 మీ./సె.
మోచేతి మీదుగా: 100 ÷ (9.1 − 6.5) = 38.5 మీ./సె.

తేడా 18 మీ./సె. దాటింది. అల ఎత్తు కింద 7.9 మి.వో., పైన 5.1 ఉందనుకుందాం. తగ్గుదల 35 శాతం. ఇది మోచేతి దగ్గర నొక్కుకుపోయిన నరమే.

అనుసరించాల్సిన హద్దులు ఇవి: మోచేతి మీదుగా వేగం 50 మీ./సె. కంటే తక్కువ, ముంజేతి వేగం కంటే 10 మీ./సె.కు మించి తక్కువ, అల ఎత్తు 20 శాతానికి మించి పడిపోవడం, అల రూపం మారిపోవడం. వీటిలో ఒక్కటే కనిపిస్తే తొందరపడకండి. రెండు మూడు కలిసి ఒకే మాట చెప్పినప్పుడే గట్టిగా రాయండి. ఏడీఎం అల ఎత్తు 6 మి.వో. కంటే తక్కువున్నా, మణికట్టు లేటెన్సీ 3.3 మి.సె. దాటినా సాధారణంగా మామూలు కాదు. మీ ల్యాబ్‌కు సొంత హద్దులుంటే వాటినే వాడండి.

టేపు విలువ ఎంతో ఇక్కడ తెలుస్తుంది. 2.0 మి.సె.లో 100 మి.మీ. అయితే వేగం 50. టేపు వదులుగా పట్టి 90 అని రాశారంటే వేగం 45. ఒక్క సెంటీమీటరు మంచి నరాన్ని చెడ్డ నరం చేసేసింది. దూరం 10 సెం.మీ. కంటే తగ్గిస్తే ఇలాంటి తప్పు ఇంకా పెరుగుతుంది. మరీ పెంచితే చిన్న అడ్డంకి మంచి నరం పొడవులో కలిసి మరుగున పడుతుంది. అందుకే 10. టేపు మెత్తటిదై ఉండాలి. గుర్తులు పెన్నుతో పెట్టి, రెండుసార్లు కొలవండి.

అనుమానం తీరకపోతే

లక్షణాలు స్పష్టంగా ఉండి ఏడీఎం అంకెలు హద్దు మీద ఊగుతుంటే ఎఫ్‌డీఐ కండరం మీద రికార్డ్ చేయండి. బొటన, చూపుడు వేళ్ల మధ్య వెనక వైపు కండ అది. ఆక్టివ్ దాని బొడిపె మీద, రిఫరెన్స్ చూపుడు వేలి మొదటి కీలు మీద. మోచేతి దగ్గర ఈ కండరానికి పోయే పోగులే తరచుగా ముందు దెబ్బతింటాయి, అందుకే ఏడీఎం బాగున్నా ఇది పట్టిస్తుంది. కండ గుంటపడిన మనిషికైతే ఇది మొదటే చేయడం మేలు.

తర్వాతది ఇంచింగ్. ఓపిక కావాలి, కానీ చోటు ఖచ్చితంగా చెప్పేది ఇదే. బుడిపె ఎదురుగా 0 అని గుర్తు పెట్టి, కింద 3 సెం.మీ. నుంచి పైన 6 సెం.మీ. దాకా సెంటీమీటరుకో చుక్క పెట్టండి. పల్స్ 0.1 మి.సె.కు తగ్గించి, అల పూర్తిగా వచ్చేందుకు సరిపడా కరెంటు మాత్రమే ఇస్తూ చుక్కచుక్కకీ లేటెన్సీ రాయండి. మామూలుగా రెండు చుక్కల మధ్య 0.1 నుంచి 0.3 మి.సె. తేడా ఉంటుంది. 0.4 దాటి ఒక్కసారిగా గెంతి, అదే చోట అల ఎత్తు కూడా పడితే అడ్డంకి అక్కడే. గెంతు 0కు పైన ఉంటే గాడి, 0కు ఒకటి రెండు కింద ఉంటే కండరం పట్టీ. సర్జన్‌కు ఇది పనికొచ్చే వివరం. కరెంటు అతిగా ఇస్తే అది పక్క చుక్కకు పాకి లెక్కంతా పాడవుతుంది.

ఇంకో ఉచ్చు ఉంది. మణికట్టు దగ్గర అల పెద్దగా ఉండి, మోచేతి కిందికి వచ్చేసరికే 10 శాతానికి మించి తగ్గితే ముంజేతిలో అడ్డంకి ఉందని రాసేయకండి. కొందరిలో మీడియన్ నరం నుంచి కొన్ని పోగులు ముంజేతిలోనే అల్నార్ నరంలోకి దాటుకుంటాయి. మార్టిన్ గ్రూబర్ కలయిక అంటారు. పుట్టుకతో వచ్చే అమరిక, జబ్బు కాదు. తేల్చుకోవడం సులువు: ఎలక్ట్రోడ్లు కదపకుండా మీడియన్ నరానికి మణికట్టు దగ్గరా, మోచేతి మడత దగ్గరా షాక్ ఇవ్వండి. మోచేతి దగ్గర షాక్‌కు అల వచ్చి, మణికట్టు దగ్గర రాకపోతే కలయిక ఉన్నట్టే.

స్పర్శ నరాలు

చిటికెన వేలికి రింగ్ ఎలక్ట్రోడ్లు రెండు, మధ్య 3 నుంచి 4 సెం.మీ. ఎడం. మణికట్టు దగ్గర 14 సెం.మీ. దూరంలో షాక్. ఫిల్టర్లు 20 హెర్ట్జ్ నుంచి 2 కిలోహెర్ట్జ్, గెయిన్ గడికి 20 మైక్రోవోల్టులు. పదిసార్లు సగటు తీయండి. మొద్దుబారిన వేలికి స్పర్శ అల బాగా ఉంటే మెడ మీద అనుమానం పెరగాలి: మెడలో నరం మూలం నొక్కుకున్నప్పుడు దెబ్బ స్పర్శ నరం గడ్డకు లోపలి వైపు ఉంటుంది, చేతి అల చెడదు.

చేతి వెనక చర్మానికి పోయే కొమ్మ మణికట్టుకు 5 నుంచి 8 సెం.మీ. పైనే విడిపోతుంది. నరం మణికట్టు దగ్గర నొక్కుకుంటే అది బాగుంటుంది, మోచేతి దగ్గరైతే చెడొచ్చు. చెడితే మణికట్టును వదిలి పైకి చూడండి. బాగుందని మాత్రం మోచేతిని వదిలేయకండి, మోచేతి జబ్బులో కూడా అది కొన్నిసార్లు తప్పించుకుంటుంది. ముంజేతి లోపలి చర్మపు నరం కూడా చెడితే భుజం దగ్గరి అల్లిక వైపు వెళ్లాలి.

ఆ చేతి మీడియన్ నరం, రెండో చేతి అల్నార్ నరం, కాలిలో సూరల్ అనే స్పర్శ నరం చూడకుండా పరీక్ష ముగించకండి.

సూది పరీక్షకు డాక్టరు చూడాల్సినవి

ఎఫ్‌డీఐ, ఏడీఎం, ముంజేతిలో నాలుగు ఐదు వేళ్లను వంచే లోతు కండరం, మణికట్టును చిటికెన వేలు వైపు వంచే కండరం. వీటితోపాటు అల్నార్ నరానికి సంబంధం లేని సీ8 కండరాలు: బొటన వేలి కండ, బొటన వేలి కొసను వంచేది, చూపుడు వేలిని చాపేది. ఇవి కూడా చెడితే మెడ లేదా అల్లిక. ఒక రోగికి ఒక సూది, ఆ వెంటనే సూదుల డబ్బాలోకి. దెబ్బ తగిలిన వారంలోపు వచ్చినవారికి తొందరపడి సూది పెట్టకండి. కండరంలో గుర్తులు కనబడటానికి మూడు వారాలు పడుతుంది, స్పర్శ అలలు పడిపోవడానికే పది పదకొండు రోజులు.

మన జిల్లాల్లో మరిచిపోకూడని రెండు

ఒకటి కుష్ఠు. సాలూరు (ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లా) ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రి పేరు ఇక్కడ తెలియనివారు తక్కువ. ఆ జబ్బుకు అల్నార్ నరమంటే మక్కువ, అదీ మోచేతి బుడిపెకు కాస్త పైన. అందుకే మొదట తడమమన్నది. నరం తాడులా లావెక్కి, నొక్కితే నొప్పి పుట్టి, ఒంటి మీద ఎక్కడైనా పాలిపోయిన, స్పర్శ లేని మచ్చ ఉంటే నొక్కుడు అని రాసి ఊరుకోకండి. ఇంచింగ్‌లో ఒక సెంటీమీటరు గెంతు బదులు, గాడికి పైన నాలుగైదు సెంటీమీటర్ల పొడవునా నెమ్మదిస్తే అనుమానం ఇంకా బలపడుతుంది. మోకాలి పక్క నరం, చీలమండ వెనక నరం, మెడ పక్క నరం తడమండి. డాక్టరుకు ఆ రోజే చెప్పండి. మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది, రకాన్ని బట్టి 6 లేదా 12 నెలలు. ఆరు నెలలలోపు వచ్చిన నరం బలహీనతకు స్టెరాయిడ్ మందుతో తిరిగి కోలుకునే అవకాశం ఉంది. ఆలస్యమైతే వేళ్లు వంకరగానే మిగిలిపోతాయి.

రెండోది ఉద్దానం కిడ్నీ జబ్బు. కవిటి, కంచిలి, సోంపేట, పలాస వైపు నుంచి వచ్చే రోగికి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంతో అడగండి. కిడ్నీ చెడితే కాళ్ల నుంచి మొదలై నరాలన్నీ నెమ్మదిస్తాయి. సూరల్ అల చిన్నదైపోయి, ముంజేతి వేగమే 44కు దిగిన మనిషికి మోచేతి మీదుగా 42 వస్తే, 50 కంటే తక్కువుంది కదా అని మోచేతి జబ్బు రాయడం అన్యాయం. అక్కడ నమ్మాల్సింది తేడాను: 10కి మించి ఉంటేనే మోచెయ్యి. షుగరు రోగికీ ఇదే న్యాయం. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ కుర్చీలో చెయ్యి ఆనించి గంటల తరబడి కూర్చునేవారికి నిజంగానే మోచేతి నరం కూడా నొక్కుకోవచ్చు. కాబట్టి తేడా పెద్దగా వస్తే దాన్ని కిడ్నీ ఖాతాలో వేసేయకండి.

రిపోర్టు

పోగులు బాగా చచ్చిపోయి అలే ఒకటి రెండు మిల్లీవోల్టులకు పడిపోయిన చేతిలో, నరం ఏ చోట దెబ్బతిందో ఈ పరీక్ష చెప్పలేకపోవచ్చు. అప్పుడు "అల్నార్ నరం జబ్బు, చోటు తేలలేదు" అని నిజాయితీగా రాయండి, అల్ట్రాసౌండ్ సూచించండి. తొలి దశలో పరీక్ష మామూలుగానే రావచ్చు. అలాంటి రిపోర్టు చూసి రోగి బాధను కొట్టిపారేయకూడదని కూడా ఒక వాక్యం చేర్చండి.

అంకెలతో పాటు చర్మం ఉష్ణోగ్రత, మోచేతి వంపు డిగ్రీలు, ప్రతి భాగం దూరం మిల్లీమీటర్లలో, ఏ కండరం మీద రికార్డ్ చేశారు, నరం జారుతోందా, లావుగా ఉందా అన్నవి తప్పక రాయాలి. మూడు నెలలు రాత్రిపూట మోచేతికి పట్టీ కట్టుకుని ఇదే మనిషి మళ్లీ వస్తాడు, లేదా ఆపరేషన్ అయ్యాక వస్తాడు. అప్పుడు ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా అదే వంపులో, అదే దూరంలో, అంతే వెచ్చదనంలో తీస్తేనే పాత అంకెకు పక్కన కొత్త అంకె పెట్టి చూడగలరు.